కనావా లోయలో పాఠ్యపుస్తకముల పోరాటము, 1974: కాపరుల పఠనమును గూర్చి ఒక విమర్శ

సంఘకాపరి తన ఊరి ఆందోళనలో ఎంతవరకు నిలబడవచ్చును అను ప్రశ్న మన వేదాంత కళాశాలల తరగతులలో తరచుగా వస్తుంది. సాధారణముగా రెండు జవాబులు వినబడతాయి. సేవకుడు లోక వ్యవహారములలో తలదూర్చకూడదని కొందరు అంటారు. ఆమోసువలె గుమ్మములో నిలిచి మాట్లాడవలెనని మరికొందరు అంటారు. ఎవరు ఏ జవాబు చెప్పినను, నిలబడిన సేవకుడు ఏమి చదివి నిలబడ్డాడు, ఎట్లు చదివాడు అని మాత్రము అడుగరు. ఈ వ్యాసములో మేము పట్టుకొనదలచినది ఆ ప్రశ్ననే.

ఇందుకు మేము ఎన్నుకొనిన సంగతి మన దేశములోనిది కాదు. 1974లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమందు, కనావా కౌంటీలో, బడి పుస్తకములకు విరోధముగా లోయల గ్రామములవారు చేసిన పోరాటము అది. సంప్రదాయ విశ్వాసము గల గ్రామీణులు తమంతట తాము లేచి చేసిన ఆందోళనలలో దీని పేరు తప్పక చెప్పబడుతుంది. ముందు నిలిచినవారిలో అనేకులు చిన్న సంఘముల కాపరులు. వారములో చేతిపని చేసికొంటూ ఆదివారము ప్రసంగించేవారు వారిలో ఉన్నారు. అటువంటి సేవకులు మనకు కొత్తవారు కారు. పైగా యాభై ఏండ్లు గడిచిపోయినందున, మన కోపములు అడ్డురాకుండా ఆ సంగతిని చూడగలము.

కౌంటీ అంటే మన జిల్లా వంటిది. రాష్ట్ర రాజధానియైన చార్లెస్టన్ పట్టణము కూడ కనావా కౌంటీలోనే ఉన్నది. పట్టణపు కొండల మీది పేటలలో చదువుకొన్నవారు, ఉద్యోగస్థులు నివసించేవారు. వాగుల వెంబడి లోయలలో బొగ్గు గని కార్మికుల కుటుంబములు ఉండేవి. వీరిని ‘వాగువారు’ అనియు, వారిని ‘కొండవారు’ అనియు అక్కడివారే విడదీసి చెప్పుకొనేవారు. అయితే ఇరువురి పిల్లలకును ఒక్కటే విద్యామండలి. ఐదుగురు ఎన్నికైన సభ్యులు సుమారు 45,000 మంది విద్యార్థుల చదువును నిర్ణయించేవారు.

1970లో రాష్ట్ర విద్యాశాఖ ఒక తీర్మానము చేసింది. అల్పసంఖ్యాక జాతుల జీవితమును, వారి రచనలను చూపే పుస్తకములను జిల్లాలు ఎన్నుకొనవలెనని దాని సారము. ఆ ప్రకారము 1974లో ఐదుగురు ఉపాధ్యాయుల సంఘమొకటి భాషా పాఠములకు సుమారు 325 పుస్తకములను సిఫారసు చేసింది. మండలి సభ్యురాలు ఆలిస్ మూర్ వాటిని ప్రశ్నించింది. ఆమె ఒక క్రీస్తు సంఘ బోధకుని భార్య. బడులలో లైంగిక విద్యను వ్యతిరేకించి 1970లో ఎన్నికైనది. ఆమె లేవనెత్తిన మొదటి అభ్యంతరము బూతు మాటలను గూర్చి కాదు, మాండలికములను గూర్చి. ఆ సంగతికి తరువాత వస్తాము. 12,000 సంతకములతో విన్నపము చేరింది. జూన్ 27న వర్షములో, దాదాపు వెయ్యిమంది లోపలను బయటను నిలిచి వింటూ ఉండగా, మండలి మూడు ఓట్లకు రెండు ఓట్లతో, కొద్ది పుస్తకములను మాత్రము విడిచి, తక్కినవాటిని ఆమోదించింది.

సెప్టెంబరు 3న బడులు తెరిచిన దినమున వేలాది తల్లిదండ్రులు పిల్లలను పంపలేదు. మరునాడు గని కార్మికులు తమ యూనియను మాటను కూడ లెక్కచేయక పని మానివేశారు. బస్సులు ఆగిపోయాయి. మండలి పుస్తకములను తాత్కాలికముగా వెనుకకు తీసికొని, పౌరుల సమీక్షకు అప్పగించింది. అప్పటికే పరిస్థితి చేయి దాటిపోయింది. నిరసన జరుగుచున్నచోట్ల ఇద్దరికి తుపాకి దెబ్బలు తగిలాయి. అక్టోబరులో రాత్రివేళ ప్రాథమిక పాఠశాలల మీద డైనమైటు పేలింది. అక్టోబరు 30న విద్యామండలి భవనములోనే పేలుడు జరిగింది. నవంబరు 8న మండలి నాలుగు ఓట్లకు ఒక ఓటుతో, ఎక్కువగా అభ్యంతరము చెప్పబడిన కొన్నింటిని మినహాయించి, పుస్తకములను తిరిగి బడులకు పంపుటకు నిర్ణయించింది.

ఇంతవరకు చరిత్ర. ఇక నిరసనకారుల అభ్యంతరములను ఒకటి తీసికొని చూతము. మాకు అన్నిటికంటె ఆలోచింపదగినదిగా కనబడినది దానియేలును గూర్చిన పాఠము. ఒక పుస్తకములో సింహముల గుహలోని దానియేలు కథను, ఆంద్రోక్లీసు అను బానిస కథను ప్రక్క ప్రక్కన ఉంచి, రెండింటిని పోల్చుమని పిల్లలను అడిగారు. పరిశుద్ధ గ్రంథమును కట్టుకథల వరుసలో కూర్చుండబెట్టుచున్నారని తల్లిదండ్రులు మండిపడ్డారు. ఈ ఫిర్యాదును తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. దేవుడు తన సేవకుని రక్షించెనని ఇంటిలో నేర్చుకొనిన పిల్లవాడు, బడిలో అదే సంగతిని ‘ఒక పాత కథ’గా వింటే, అతని ఇంటిమాటకు బడిలో విలువ లేదని అతనికి తెలిసిపోతుంది. ఉపాధ్యాయుడు అట్లు చెప్పనక్కరలేదు, పాఠము యొక్క అమరికే ఆ మాట చెబుతుంది.

అయినను, ఆ రెండు కథలను నిజముగా ప్రక్కన పెట్టి చదివిన కాపరి ఎవడైనను ఉంటే అతనికి మరొకటి కనబడి ఉండేది. ఆంద్రోక్లీసు సింహపు పాదములోని ముల్లు తీశాడు. అందుచేత ఆ సింహము తరువాత రంగస్థలమందు అతనిని చంపలేదు. అది తన ఋణము తీర్చుకొన్నది. దానియేలు ఏ సింహమునకును ముల్లు తీయలేదు. ఆ గుహలో అతనికి బాకీపడిన జంతువు ఒక్కటియు లేదు. ఒక కథలో మేలునకు ప్రతిమేలు, మరొక దానిలో కేవలము దేవుని కృప. ఇంతకంటె మంచి ఆదివారపు ప్రసంగము దేనిలో దొరుకును? ఏ పోలిక విశ్వాసమును పాడుచేయునని వారు భయపడ్డారో, దానిని చివరివరకు చదివితే అది దానియేలును పైకి లేపుతుంది. దానియేలు మొదటి అధ్యాయము కూడ ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. అతడు రాజు భోజనమును నిరాకరించాడు గాని, కల్దీయుల విద్యను నిరాకరించలేదు. ఏది వద్దనవలెనో, ఏది నేర్చుకొనవలెనో అతడు విడదీసి చూచుకొన్నాడు. కనావా కాపరులు ఆ విడదీసే పని చేయలేదని మా విమర్శ.

వారు పుస్తకములను చదివిన విధమేమి? కరపత్రముల ద్వారా. ఈ పుట నుండి ఒక మాట, ఆ పుట నుండి ఒక వాక్యము ఏరి, అచ్చువేసి, సంఘములలోను దుకాణముల యొద్దను పంచారు. వీటిలో కొన్ని భాగములు మండలి ఆమోదించిన పుస్తకములలో అసలు లేనేలేవు. అనేకులు తమ పిల్లలను బడి మాన్పించినది ఆ కరపత్రము చదివి, పుస్తకము చూచి కాదు. ఇది చెప్పి పాఠ్యపుస్తకముల పక్షమువారు అప్పుడును తరువాతను వారిని ఎగతాళి చేశారు. కాని సేవకులమైన మనకు ఎగతాళి చేయుటకు హక్కు తక్కువ. సందర్భమును విడిచి ఒక వచనము తీసి, దానిమీద నలువది నిమిషములు నిలబడుట మన వేదికలకు తెలియని విద్య కాదు. లేఖనమును ముక్కలుగా చదువుటకు అలవాటుపడిన సంఘము, ఇతరుల పుస్తకమును మాత్రము సంపూర్ణముగా చదువునని ఎట్లు ఎదురుచూడగలము? యిర్మీయా 36వ అధ్యాయములో యెహోయాకీము గ్రంథపు చుట్టలోనుండి మూడు నాలుగు పత్రములు చదివినప్పుడెల్ల చాకుతో కోసి కుంపటిలో వేయించాడు. అతడు గ్రంథమును కాల్చినందుకే మనము అతనిని నిందిస్తాము. అతడు దానిని ముక్కముక్కగా విన్నాడని, ఏ ముక్కకును తరువాతి ముక్కతో సంబంధము ఉండనీయలేదని కూడ గమనింపవలెను.

ఇక మాండలికముల సంగతి. పుస్తకములలో నల్లజాతివారి వాడుక భాష, వీధి భాష ఉన్నవి. శుద్ధమైన ఆంగ్లము నేర్పవలసిన బడిలో ఇదేమిటని మూర్‌గారి ప్రశ్న. ఇందులో ఒక విచారకరమైన సంగతి ఉన్నది. అప్పలాచియా కొండలవారి యాసను అమెరికా అంతటా హాస్యమునకు వాడుకొన్నారు. ఆ యాస వలననే వారి పిల్లలు పట్టణపు బడులలో సిగ్గుపడ్డారు. అట్టివారు, తమ మాటకు కూడ పుస్తకములో చోటు దొరకగల ఒక పద్ధతికి విరోధముగా నిలిచారు. ఎందుకు నిలిచారో ఊహించవచ్చును. తమ బిడ్డలైనను ‘మంచి భాష’ నేర్చుకొని ఆ ఎగతాళి నుండి తప్పించుకొనవలెనని కోరుకొనే తల్లి ఆ కోరికతోనే నిలుస్తుంది. మన సంఘములలో అధికభాగము, తరతరములుగా ఎవరి మాట పాఠ్యపుస్తకములలో లేదో ఆ ప్రజలే. కావున ఈ తల్లి కోరికను గాని, ఆ పుస్తకముల ఉద్దేశమును గాని మనము పరాయిదిగా చూడలేము.

జాతి ప్రశ్నను దాటిపోవుట కూడ నిజాయితీ కాదు. అభ్యంతరము చెప్పబడిన రచయితలలో మాల్కం ఎక్స్, ఎల్డ్రిడ్జ్ క్లీవర్ వంటి నల్లజాతివారు ముఖ్యులు. తాము వర్ణమును చూచి కాదు, దేవదూషణను, అసభ్యతను చూచి అడ్డుపడుచున్నామని నిరసనకారులు చెప్పారు. చాలామంది ఆ మాట మనస్ఫూర్తిగానే చెప్పి ఉంటారు. కాని చార్లెస్టన్‌లోని నల్లజాతి బాప్తిస్టు కాపరి రొనాల్డ్ ఇంగ్లీష్ జూన్ సమావేశములో పుస్తకముల పక్షమున నిలిచి మాట్లాడాడు. ఆయన కూడ అదే బైబిలు పట్టుకొని ప్రసంగించేవాడు. లోయ కాపరులు ఆయన యొద్దకు వెళ్లి, ఈ పుటలలో మీ ప్రజలు ఏమి వింటున్నారని అడిగి ఉంటే ఆ సంవత్సరపు చరిత్ర కొంత వేరుగా ఉండేది. బాధలో మాట్లాడినవాని నోట కఠినమైన మాట వస్తుంది. యోబు గ్రంథము చదివినవారికి ఇది తెలుసు. ఆ మాటను మాత్రము కత్తిరించి కరపత్రములో వేస్తే, యోబు కూడ దేవదూషకుడుగానే కనబడతాడు.

ఇంత చెప్పిన తరువాత, వారి మనోవేదనలో న్యాయమున్నదని మేము గట్టిగానే చెప్పదలచితిమి. పుస్తకములను ఎన్నుకొన్న ఐదుగురును ఉపాధ్యాయులే. లోయ తల్లిదండ్రులతో ముందుగా కూర్చుండి మాట్లాడినవారు లేరు. గ్రామములలోని చిన్న బడులను మూసి పిల్లలను దూరపు బడులకు తరలించే విధానము చేత, బడి తమది కాదను భావము అప్పటికే వారిలో పాతుకొన్నది. 12,000 సంతకములు ఇచ్చినను ఫలితము లేకపోగా, పత్రికలలో తమను మోటువారుగా, తెలివిలేనివారుగా చిత్రించుట వారు చదివారు. నెహెమ్యా 5వ అధ్యాయములో ప్రజల మొర విన్నప్పుడు నెహెమ్యాకు కోపము వచ్చింది. ఆ కోపముతో అతడు వెంటనే బయలుదేరలేదు. మొదట తనలో తాను ఆలోచించుకొన్నాడు, పిదప ప్రధానులను ఎదుర్కొన్నాడు. కనావాలో మొర ఉన్నది, ఎదుర్కొనుట ఉన్నది. మధ్యలోని మెట్టు చాలామందికి దొరకలేదు.

చార్లెస్ క్విగ్లీ అను కాపరి బహిరంగముగా చేసిన ప్రార్థన ఇందుకు తార్కాణము. తమ విశ్వాసమును ఎగతాళి చేసిన ‘ఆజానుబాహులను’ దేవుడు చంపవలెనని ప్రార్థించుడని ఆయన విశ్వాసులను కోరాడు. పుస్తకములకు ఓటు వేసిన సభ్యులను గూర్చి ఆ మాట అని అందరును అర్థము చేసికొన్నారు. దేశమంతటి పత్రికలు దీనిని అచ్చువేశాయి. మేము ఆ ప్రార్థనను సమర్థింపము. కాని దానిలో ఎగతాళి అను మాట ఉన్నదని గమనించినవారు తక్కువ. 109వ కీర్తన మన బైబిలులో ఉన్నది. నలిగినవాడు తన పగను దేవుని యెదుట కుమ్మరించి, తన చేతినుండి దానిని విడిచిపెట్టుటకు అట్టి కీర్తన పనికివస్తుంది. అదే మాట జనసమూహము ముందర పలికినప్పుడు, పగ దేవుని యొద్దకు వెళ్లదు. ప్రక్కన నిలిచినవాని చేతిలోనికి వెళుతుంది. క్యాంప్‌బెల్స్ క్రీక్ కాపరి మార్విన్ హొరాన్ ఈ పోరాటములో ముందు నిలిచిన నాయకుడు. పాఠశాలల పేలుళ్ల కుట్రలో 1975లో ఆయన దోషిగా తేలి, మూడేండ్ల శిక్ష పొందాడు. పిల్లల ఆత్మలను కాపాడుటకు మొదలైనది పిల్లలు కూర్చుండే గదులలో డైనమైటు పెట్టుట వరకు వచ్చింది.

అపొస్తలుల కార్యముల 19వ అధ్యాయమును పుస్తకములు కాల్చుటకు ఆధారముగా కొందరు ప్రసంగించుట మేము విన్నాము. ఆ అధ్యాయమును కూడ పూర్తిగా చదువవలెను. అక్కడ ఏబదివేల వెండి రూకల వెలగల పుస్తకములు కాల్చినవారు తమ సొంత పుస్తకములను కాల్చారు. పరుల అలమారను ఎవరును ముట్టలేదు. అదే అధ్యాయములో, మా మతమునకు అవమానము జరిగినదని వీధిని నింపినవారు దేమేత్రి వెంట వచ్చినవారు. తాము ఎందుకు కూడివచ్చిరో వారిలో ఎక్కువమందికి తెలియదని లూకా వ్రాశాడు. న్యాయసభలు ఉన్నవి, అక్కడ వాదించుకొనుడని చెప్పి వారిని ఇండ్లకు పంపినవాడు అపొస్తలుడు కాడు, ఒక కరణము.

బయటివారి రాకను గూర్చి క్లుప్తముగా చెబుతాము. టెక్సాసు నుండి పాఠ్యపుస్తకముల విమర్శకులైన గేబ్లర్ దంపతులు వచ్చారు. 1973లో స్థాపింపబడిన హెరిటేజ్ ఫౌండేషన్ న్యాయ సహాయము పంపింది. 1975 జనవరిలో కూ క్లక్స్ క్లాన్ వారు రాజధాని మెట్లమీద సభ పెట్టారు. లోయవారి మొరకు ఒక్కొక్కరు తమ తమ పేరు పెట్టుకొన్నారు. అటువంటి స్నేహితులను ఎవరు పిలిచారు, ఎవరు పిలువలేదు అను వాదము ఉన్నది. ఎవరు పిలిచినను, వేదిక దిగిపొమ్మని క్లాన్‌కు ఎదురు నిలిచి చెప్పుట ఒక కాపరి పని అయి ఉండవలసినది.

పండితుల రచనలలో రెండు ముఖ్యమైనవి. వివాదములో చిక్కుకొన్న ‘ఇంటరాక్షన్’ అను పుస్తక వరుసకు సంపాదకుడైన జేమ్స్ మోఫెట్ 1988లో ‘స్టార్మ్ ఇన్ ది మౌంటెన్స్’ ప్రచురించాడు. తన పుస్తకములను తోసివేసినవారి యొద్దకు స్వయముగా వెళ్లి, కూర్చుండి, వారి మాటలను విస్తారముగా అచ్చువేశాడు. ఇది మెచ్చుకొనదగిన పని. ఎంతమంది రచయితలు తమ విరోధుల ఇంటికి వెళతారు? అయితే అంతా విన్న తరువాత ఆయన వారి స్థితికి తెలియగోరకపోవుట అను అర్థముగల ఒక పేరు పెట్టాడు, వైద్యుడు రోగమునకు పేరు పెట్టినట్లు. వారి మాటలలో తనకు నేర్పగలది ఏమైనను ఉన్నదా అను ప్రశ్న ఆ పేరుతో ముగిసిపోయింది. కారల్ మేసన్ 2009లో వెలువరించిన ‘రీడింగ్ అప్పలాచియా ఫ్రమ్ లెఫ్ట్ టు రైట్’ ఇంతకంటె జాగ్రత్తగల గ్రంథము. ఈ పోరాటము తరువాతి కాలపు అమెరికా మితవాద రాజకీయమునకు ఎట్లు ఉపయోగపడినదో ఆమె చూపింది. కొండవారందరును మూఢులు అను చిత్రమును ఆమె అంగీకరించలేదు. మా కొరత ఒక్కటే. ఈ రెండింటిలోను కాపరులు ఉద్యమ నాయకులుగా కనబడతారు గాని, ఆదివారము తరువాత ఆదివారము తమ సంఘమునకు ఏమి వడ్డించారో, అక్కడ లేఖనము ఎట్లు చదువబడినదో తగినంతగా తెలియదు. ఆ పరిశోధన వేదాంత విద్యార్థులు చేయవలసినది.

ఇది మనకు దూరపు సంగతి అనుకొనే పాఠకులకు ఒక దగ్గరి సంగతి. 2006లో ‘ది డావిన్చి కోడ్’ చలనచిత్రమునకు విరోధముగా మన క్రైస్తవ సంఘములు చేసిన ఆందోళన పిమ్మట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దాని ప్రదర్శనను నిషేధించింది. ఆ నెలలోనే హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసింది. ప్రభువును గూర్చి అబద్ధము చెప్పబడినప్పుడు సంఘము బాధపడుట సహజము, మాట్లాడుట దాని హక్కు. అయితే ఆ నవలలోని వాదములు ఏవి, అవి చరిత్ర యెదుట ఎందుకు నిలువవు అని విశ్వాసులకు వివరించిన సేవకులు, ఊరేగింపులో నడిచినవారికంటె చాల తక్కువగా కనబడ్డారు. నీసియా సభలో ఏమి జరిగినదో, సువార్తలు నాలుగే ఎందుకో యౌవనస్థులు అడుగుటకు సిద్ధముగా ఉన్న దినములవి. కోర్టు తీర్పు వచ్చిన తరువాత ఊరేగింపులు ఆగిపోయాయి, ఆ ప్రశ్నలు మాత్రము నేటికిని మన యౌవనస్థుల కూడికలలో వస్తున్నవి. రేపు మరొక పుస్తకము, మరొక చిత్రము, మరొక పాఠ్యాంశము వస్తుంది. ఎవరో ఒక కరపత్రము తెచ్చి సంతకము చేయుమని కాపరిని అడుగుతారు. పుస్తకము ఎక్కడ, ముందు అది చదువనిమ్మని అడిగే కాపరిని అప్పుడు పిరికివాడనుట సులభము.

కనావాలో పాఠ్యపుస్తకములు 1974 నవంబరులో చట్టప్రకారము తిరిగి వచ్చాయి. మిక్కిలి అభ్యంతరము చెప్పబడినవి గ్రంథాలయములలో ఉంచబడి, తల్లిదండ్రుల అనుమతి ఉన్నవారికే ఇవ్వబడ్డాయి. కొందరు కాపరులు సొంత క్రైస్తవ పాఠశాలలు తెరిచారు. లోయలలోని చాలా ప్రభుత్వ బడులలో ఆ పుస్తకములు అలమారలలోనే ఉండిపోయాయి.